వైరస్ గుట్టు విప్పిన హోవార్డ్ టెమిన్

హెచ్‌ఐవీ ఉన్నా రోజూ మాత్రలు వేసుకుంటూ ఏళ్ల తరబడి మామూలుగా జీవిస్తున్నవారి గురించి మీరు వినే ఉంటారు. ఆ మాత్రల వెనుక హోవార్డ్ టెమిన్ పట్టుదల ఉంది.

ఆయన 1934లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టారు. కోళ్లకు క్యాన్సర్ తెచ్చే రౌస్ సార్కోమా వైరస్‌పై పరిశోధించారు. ఈ వైరస్‌లో ఉండేది ఆర్‌ఎన్‌ఏ. అది కణంలో చేరాక డీఎన్‌ఏగా మారి, కణం డీఎన్‌ఏలోనే తిష్ఠ వేస్తుందని 1964లో ప్రతిపాదించారు. ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ తయారు కాదన్నది అప్పటి నమ్మకం. చాలామంది ఆయన మాట కొట్టిపారేశారు. 1970లో సతోషి మిజుటానితో కలిసి ఆ పని చేసే ఎంజైమును పట్టుకున్నారు. అదే సమయంలో డేవిడ్ బాల్టిమోర్ కూడా విడిగా కనుగొన్నారు. అదే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్.

నకలు సొంతంగా మొదలుపెట్టే శక్తి దీనికి లేదు. కణం నుంచి తీసుకున్న టీఆర్‌ఎన్‌ఏ అనే చిన్న పోగును ఆసరా చేసుకుని, దాని కొస నుంచి డీఎన్‌ఏను అల్లుకుంటూ పోతుంది. 1987లో వచ్చిన తొలి హెచ్‌ఐవీ మందు ఏజెడ్‌టీ ఆ అల్లికలో దూరి దాన్ని మధ్యలోనే ఆపేస్తుంది. నేటి మాత్రల్లోనూ చాలావరకు ఈ ఎంజైమునే అడ్డుకునే మందులుంటాయి. కానీ కణాల్లో తిష్ఠ వేసిన వైరస్‌ను అవి తొలగించలేవు. బాగానే ఉందని మానేస్తే నకళ్లు మళ్లీ మొదలవుతాయి.

1975లో టెమిన్‌కు బాల్టిమోర్, డల్బెకోలతో కలిపి నోబెల్ వచ్చింది. ఆ వేడుకలోనూ ఆయన పొగతాగడాన్ని తప్పుపట్టారు. ఎన్నడూ పొగతాగని టెమిన్ 1994లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 59. అందుకే సిగరెట్ అలవాటు లేకున్నా, వారాల తరబడి తగ్గని దగ్గును మీరు తేలిగ్గా తీసుకోకండి.