పండుగ దినము లేని పరిశుద్ధుడు



జూలై 3వ తేదీన మన కతోలిక సహోదరులు పరిశుద్ధ తోమా పండుగ ఆచరింతురు. తోమా చూచి నమ్మెను. చూడకయే నమ్మి పనిచేసిన యొక సేవకుడు 1810వ సంవత్సరము జూలైలో విశాఖపట్టణమున ప్రభువునందు నిద్రించెను. ఆయన పేరిట పండుగ లేదు. ఆయనే అగస్టస్ డెస్ గ్రాంజెస్ దొరగారు.

లండను మిషను వారు పంపగా డెస్ గ్రాంజెస్ గారును, జార్జి క్రాన్ గారును 1805లో విశాఖకు వచ్చి, తెలుగు నేర్చుకొని, బడి పెట్టి, సువార్తలను మన భాషలోనికి తర్జుమా చేయ నారంభించిరి. 1809లో క్రాన్ గారు మరణించిరి. తోడివాడు పోయినను డెస్ గ్రాంజెస్ గారు పని విడువలేదు. క్రీస్తును నమ్మిన బ్రాహ్మణుడు ఆనందరాయర్ గారు ఆయనకు తోడ్పడిరి. క్రొత్త నిబంధన ముగియకమునుపే, మరుసటి యేడు ఆయనయు కన్నుమూసిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చుపడెను. ఆ పుస్తకమును ఆయన కన్నులార చూడలేదు.

అదే మిషను 1822లో కడపకును, పిమ్మట జమ్మలమడుగునకును వచ్చెను. మన పెద్దలు తెలుగులోనే వాక్యము వినిరి. విత్తినవాడొకడు, కోయువారము మనము.

ఫలము కనబడకున్నను నేటి పని నేడు చేయుటయే విశ్వాసము. ఆయన ప్రాణము ధారపోసిన గ్రంథము మన యింటి గూటిలో దుమ్ము పట్టి యుండవచ్చునా? మత్తయి సువార్తలో 28 అధ్యాయములున్నవి. సాయంకాలము దీపము పెట్టగానే దినమునకొకటి చదువుడి. చదువురాని పెద్దలకు బిడ్డలు చదివి వినిపింతురు గాక. ఈ జూలైలోనే అది ముగియును. ఆయనకు మనము చేయదగిన పండుగ అదియే.

ధ్యానమునకు: హెబ్రీ 11:13, 39, 40.