భాస్వరం కొలిచిన మన సుబ్బారావు గారు

మాది వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో భాస్వరం అంటే ఆఖరి దమ్ములో వేసే సూపర్ ఫాస్ఫేట్ బస్తా. అది మనిషి ఒంటికీ ప్రాణాధారమని నాకు తెలిసింది కాలేజీ ల్యాబులోనే. ద్రావణంలో నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. దాని పేరు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావు గారు మన తెలుగువారే!

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. బెజవాడలో రైలెక్కితే గుడివాడ మీదుగా పూటలో చేరే ఊరు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖద్దరు గౌను తొడిగినందుకు ఓ దొర ప్రొఫెసరుకి కోపమొచ్చింది. చివరికి తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుకి బలయ్యారు. భార్య శేషగిరి గారిని ఇక్కడే ఉంచి అమెరికా వెళ్ళారు. మళ్ళీ తిరిగి రాలేదు.

హార్వర్డులో చదువుకుంటూ, పొట్టగడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేశారు. 1925లో ఫిస్కేతో కలిసి భాస్వరం కొలిచే పద్ధతి ప్రకటించారు. దాని సాయంతోనే కండరాల్లో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నీ, 1929లో ఏ.టి.పి.నీ కనుక్కున్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏ.టి.పి.ని విడిగా కనుక్కున్నాడు.

ఆ పని నేటికీ పాతబడలేదు. ప్రోటీన్ పనిచేయాలంటే ఒక స్థిరమైన ఆకారంలో మడతపడి తీరాలని చాలాకాలం అనుకునేవారు. తర్వాత శాస్త్రజ్ఞులు జీనోముల్ని మొత్తంగా కంప్యూటర్లతో గాలిస్తే, మనిషి ప్రోటీన్లలో సుమారు మూడోవంతు వాటిలో స్థిరమైన ఆకారం లేని పొడుగాటి భాగాలున్నాయని తేలింది. వదులు పగ్గంలా కదిలే ఆ భాగాల మీదే ఫాస్ఫేట్ ఎక్కువగా అతుక్కుని ప్రోటీన్ పనిని మారుస్తుంది. ఆ ఫాస్ఫేట్‌ని ఇచ్చేది మన సుబ్బారావు గారి ఏ.టి.పి.యే!

ఇంత చేసినా హార్వర్డు ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది. తోబుట్టువుల్ని మింగిన స్ప్రూకి అదే మందయింది. 1947లో బోదకాలు జబ్బుకి హెట్రజాన్ వచ్చింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

మా డెల్టాలో కాలవలకీ దోమలకీ కొదవలేదు. బోదకాలు వచ్చాక మా నాయనమ్మ నాట్లకి దిగడం మానేసింది. తర్వాత ఊళ్ళో ఇంటింటికీ డి.ఇ.సి. మాత్రలు పంచారు. అది హెట్రజానే. మేమంతా మింగాం, ఎవరు కనిపెట్టారని ఒక్కరమూ అడగలేదు. ల్యాబులో నీలం రంగు చూసిన రోజున ఇంటికెళ్ళి నాయనమ్మకి ఆయన పేరు చెప్పాను.