ఫౌజు, మదరసా రెండూ నిలబెట్టిన వజీర్ నిజాముల్ ముల్క్

నిజాముల్ ముల్క్ అనగానే మనకు హైదరాబాద్ పాలకుడు మొదటి ఆసఫ్ జా గుర్తొస్తారు. ఆయనకు బిరుదుగా వచ్చిన ఈ పేరు, అంతకు ఆరున్నర శతాబ్దాల ముందే ఇరాన్‌లో ఒక గొప్ప వజీర్‌కు ఉండేది. ఆ వజీర్ అసలు పేరు హసన్ బిన్ అలీ. 1018లో ఖురాసాన్‌లోని తూస్ ప్రాంతంలో పుట్టారు. సల్జూక్ సుల్తాన్ అల్ప్ అర్స్లాన్ దగ్గర, తర్వాత ఆయన కొడుకు మలిక్ షా దగ్గర కలిపి దాదాపు 30 ఏళ్లు వజీర్‌గా పనిచేశారు.

సల్జూక్‌లది కత్తితో వచ్చిన రాజ్యం. ఖజానా మీద మొదటి హక్కు ఫౌజుదే. అలాంటి చోట ఈయన బాగ్దాద్‌లో పెద్ద మదరసా కట్టించి 1067లో తెరిచారు. అదే నిజామియా. నీషాపూర్, బల్ఖ్, హెరాత్, ఇస్ఫహాన్, బస్రాల్లో కూడా ఇలాంటివే వెలిశాయి. ఉస్తాదులకు జీతం, విద్యార్థులకు వసతి, భత్యం ఏర్పాటు చేశారు. బీదింటి పిల్లాడు కూడా తిండికి వెతుక్కోకుండా చదువుకునే వీలు దొరికింది.

గిట్టనివాళ్లు ఊరుకుంటారా? వజీర్ ఏటా 6 లక్షల దీనార్లు చదువు మీద పోస్తున్నాడు, ఆ డబ్బుతో ఫౌజు కడితే కుస్తున్తునియా గోడల దాకా వెళ్లొచ్చని మలిక్ షా చెవిన వేశారట. సుల్తాన్ నిలదీశాడు. సైనికుడి బాణం కొంత దూరమే పోతుంది, రాత్రిళ్లు మేలుకుని దుఆ చేసే ఆలిముల సైన్యాన్ని నీ కోసం తయారు చేశానని వజీర్ నచ్చజెప్పారని తుర్తూషీ అనే ఆలిమ్ రాశారు.

అలాగని ఆయన ఫౌజు వద్దన్న మనిషి కాదు. దేశం ప్రశాంతంగా ఉంది కదా, 4 లక్షల సైన్యాన్ని 70 వేలకు తగ్గిస్తే డబ్బు మిగులుతుందని ఒకరు సలహా ఇస్తే గట్టిగా అడ్డుపడ్డారు. తీసేసిన సైనికుల పొట్ట ఎలా గడుస్తుందన్నదే ఆయన భయం. ఒకసారి ఆయన మాట వినకుండా మలిక్ షా 7,000 మందిని పంపించేస్తే, వాళ్లంతా పోయి తిరుగుబాటు చేసిన సుల్తాన్ తమ్ముడు తెకిష్ పక్షాన చేరారు.

మరి రెండూ ఎలా నడిచాయి? సైనికులకు ఇఖ్తా కింద భూముల శిస్తు రాసిచ్చారు. మదరసాలకు భూములు, దుకాణాలు వక్ఫ్ చేశారు. వక్ఫ్ అంటే మనకు తెలిసిందే, ఒకసారి చేశాక వెనక్కి తీసుకోవడానికి లేదు. రేపు యుద్ధం వచ్చినా ఉస్తాద్ జీతానికి కోత పడకూడదన్నది దాని వెనకున్న ఏర్పాటు.

ఇందులో రాజకీయం లేకపోలేదు. ఇస్మాయిలీల ప్రచారానికి అడ్డుకట్ట వేయడం, షాఫయీ మజ్హబ్‌ను బలపరచడం కూడా ఆయన ఉద్దేశాలే. అయినా ఆ గదుల్లోంచే ఇల్మ్ పారింది. 1091లో ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) 33 ఏళ్ల వయసులో బాగ్దాద్ నిజామియాలో ఉస్తాద్ అయ్యారు. తర్వాతి కాలంలో షేక్ సాదీ అక్కడే భత్యం తీసుకుని చదివారు.

1092 రమజాన్ 10న, బాగ్దాద్ వెళ్లే దారిలో, ఫకీరు వేషంలో వచ్చినవాడు పొడవడంతో నిజాముల్ ముల్క్ కన్నుమూశారు. నెల దాటగానే మలిక్ షా కూడా పోయాడు. వారసులు కొట్టుకున్నారు, అంత పెద్ద ఫౌజూ ముక్కలైంది, వందేళ్లకు ఇరాన్‌లో సల్జూక్ రాజ్యమే లేదు. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను నేలమట్టం చేశారు. కానీ 1327లో ఇబ్నె బతూతా ఆ నగరానికి వెళ్లినప్పుడు, బజారు మధ్యలో నిజామియా ఇంకా నిలబడే ఉంది.