రెల్లు నుంచి సంపెంగ దాకా: జానకీ అమ్మాళ్ నడిచిన దారి

ముదిగొండ అనగానే ఉద్యమ మిత్రులకు గుర్తొచ్చేది 2007 జులై 28. భూమి, ఇళ్ళ స్థలాలు అడిగిన పేదల మీద పోలీసులు కాల్పులు జరిపిన రోజు. ఇక్కడి నుంచి కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు వెళ్తే ప్రశ్న భూమి నుంచి అడవికి మారుతుంది. తునికాకు ఎవరిది? ఇప్పచెట్టు ఎవరిది? పోడు ఎవరిది? పరిశోధన కోసం ఈ దారిలో తిరుగుతున్నప్పుడల్లా నాకొక వృక్ష జన్యుశాస్త్రవేత్త గుర్తొస్తారు. ఆమె తెలుగామె కాదు. కానీ అడవిని గురించి ఆమెకు వచ్చిన ప్రశ్నలు మనవి కూడా.

జానకీ అమ్మాళ్ 1897 నవంబర్ 4న మలబారులోని తలశ్శేరిలో పుట్టారు. మన కోస్తా, సీమ జిల్లాల్లాగే మలబారు కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఆమెది తియ్య కులం. కల్లుగీత వృత్తితో ముడిపడిన ఆ కులాన్ని సవర్ణులు అంటరానిదిగా దూరం పెట్టేవాళ్ళు. అయితే ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆమె తండ్రి సబ్ జడ్జి. ఇంట్లో పుస్తకాలున్నాయి, తోట ఉంది. ఆమెను దళిత శాస్త్రవేత్త అనడం సరికాదు. ఆ సౌకర్యాలున్న అవర్ణ స్త్రీకే దారి ఇంత కష్టమైతే, అవేవీ లేని మాల, మాదిగ, కోయ ఆడపిల్లల సంగతేమిటన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న.

మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో, తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి 1921లో వృక్షశాస్త్రంలో ఆనర్స్ పూర్తి చేశారు. పెళ్ళి సంబంధాన్ని పక్కనపెట్టి, ఆసియా స్త్రీలకిచ్చే బార్బర్ స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1931లో అక్కడే డాక్టరేట్ అందుకున్నారు.

1934లో కోయంబత్తూరు చెరకు పరిశోధనా కేంద్రంలో చేరారు. తీపి ఎక్కువగా ఉండే లావు చెరకును శాస్త్రవేత్తలు నోబుల్ కేన్, అంటే కులీన చెరకు అనేవారు. మన నేలలో, మన తెగుళ్ళ మధ్య ఆ కులీనురాలు నిలబడలేకపోయింది. ఏటి ఒడ్డున ఎవరూ నాటకుండా పెరిగే రెల్లుగడ్డితో సంకరం చేశాకే గట్టి వంగడాలు వచ్చాయి. ఆ రెల్లు క్రోమోజోములను, దాని పుట్టుపూర్వోత్తరాలను జానకి లోతుగా పరిశీలించారు. చెరకును మొక్కజొన్నతో సహా వేరే గడ్డిజాతులతోనూ సంకరం చేశారు. కానీ పెళ్ళి చేసుకోని, వెనుకబడిన కులపు స్త్రీగా మగ సహోద్యోగుల మధ్య ఆమె ఇబ్బందులు పడ్డారని జీవిత చరిత్రకారులు రాశారు.

1939లో జన్యుశాస్త్ర మహాసభ కోసం ఎడిన్‌బరో వెళ్ళారు. యుద్ధం మొదలైంది. అక్కడే ఉండిపోయి, బాంబులు పడుతున్న లండన్‌లోని జాన్ ఇన్నెస్ సంస్థలో పని చేశారు. సి.డి. డార్లింగ్‌టన్‌తో కలిసి ఆమె రాసిన సాగుమొక్కల క్రోమోజోమ్ అట్లాసు 1945లో అచ్చయింది. తర్వాత విజ్‌లీలోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తోటలో ఉద్యోగం. మన అడవినాభి దుంపలో కూడా ఉండే కోల్చిసిన్ అనే విషంతో మొక్కల క్రోమోజోములను రెట్టింపు చేయవచ్చు. మాగ్నోలియా మొలకల మీద ఆమె ఆ ప్రయోగం చేశారు. మాగ్నోలియా అంటే మన సంపెంగకు దగ్గరి చుట్టం. అలా వచ్చిన ఒక రకానికి అక్కడివాళ్ళు ఆమె పేరే పెట్టారు.

నెహ్రూ పిలుపు మీద 1951లో తిరిగొచ్చి, భారత వృక్ష సర్వే సంస్థను పునర్వ్యవస్థీకరించే బాధ్యత తీసుకున్నారు. అలహాబాదులో కేంద్ర వృక్ష ప్రయోగశాలకు డైరెక్టరుగా పని చేశారు. హిమాలయాల చెట్లను పరిశీలించి, చలి, తేమ ఉన్న ఈశాన్యంలో క్రోమోజోములు రెట్టింపైన జాతులు ఎక్కువనీ, పొడిగా ఉండే వాయవ్యంలో తక్కువనీ చూపారు.

ఆ రోజుల్లోనే ఒక అరుదైన మాగ్నోలియా చెట్టు కోసం షిల్లాంగు నుంచి 37 మైళ్ళు వెళ్ళారు. ఆ ప్రాంతంలో అది ఒక్కటే ఉందని విని వెళ్తే, అప్పటికే అది కాలిపోయి ఉంది. ఆహారోత్పత్తి పెంచే పేరుతో అడవులు తరిగిపోవడం ఆమెను కలవరపెట్టింది. 1955లో ప్రిన్స్‌టన్‌లో, మనిషి భూమిని మార్చిన తీరుపై జరిగిన సదస్సుకు పిలుపు అందుకున్న ఒకే ఒక్క స్త్రీ ఆమె. అక్కడ భారతదేశపు జీవనాధార సాగు గురించి, ఆదివాసుల జీవనం గురించి మాట్లాడారు.

1970 నుంచి మద్రాసు విశ్వవిద్యాలయపు మధురవాయల్ క్షేత్ర ప్రయోగశాల ఆమె ఇల్లూ పని చోటూ అయింది. ఔషధ మొక్కలు పెంచుతూ, ఆదివాసుల మొక్కల పరిజ్ఞానాన్ని నమోదు చేస్తూ గడిపారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. ఎనభై దాటాక కూడా కేరళ సైలెంట్ వ్యాలీని ముంచే జలవిద్యుత్ ప్రాజెక్టును వ్యతిరేకించి, అక్కడి చెట్ల క్రోమోజోముల సర్వేకు పూనుకున్నారు. 1984 ఫిబ్రవరి 7న, పని చేస్తున్న ఆ ప్రయోగశాలలోనే కన్నుమూశారు. అదే ఏడు నవంబర్‌లో సైలెంట్ వ్యాలీ జాతీయ పార్కు అయింది.

సైలెంట్ వ్యాలీ దక్కింది. మన పక్కన పోలవరం కింద మునిగే కోయ, కొండరెడ్ల ఊళ్ళకు ఆ అదృష్టం లేదు. ఊరితో పాటు ఏ చెట్టు బెరడు దేనికి పనికొస్తుందో తెలిసిన మనుషులూ చెదిరిపోతున్నారు. విశ్వవిద్యాలయాల నుంచి ఈ అడవికి వచ్చే మనం వేరు చూపించిన అవ్వ దగ్గర సమాచారం తీసుకుని వెళ్ళిపోతున్నాం. థీసిస్‌లో మొక్కకు లాటిన్ పేరు రాస్తాం, ఆ అవ్వ పేరు రాయం. జానకీ అమ్మాళ్ పేరు ఒక మాగ్నోలియాకు దక్కింది. అవ్వ ఒప్పుకుంటే, ఆమె పేరు మన పరిశోధన మొదటి పేజీలో రాద్దాం. ఆ పని మన చేతిలోనే ఉంది.