డీ రెన్‌జీ

డీ రెన్‌జీ (క్రీ.శ. 630 - 700) చైనాలో తాంగ్ వంశపు చక్రవర్తి గావోజోంగ్ కాలంలోను, తరువాత సామ్రాజ్ఞి వూ జెటియన్ కాలంలోను పనిచేసిన న్యాయాధికారి, మంత్రి. నిష్పాక్షికమైన తీర్పులకు, పాలకుల ఎదుట నిర్భయంగా మాట్లాడడానికి ఇతడు ప్రసిద్ధుడు. తెలుగువారికి మర్యాద రామన్న ఎటువంటివాడో చైనీయులకు డీ అటువంటివాడు. అయితే మర్యాద రామన్న కథలలోని వ్యక్తి కాగా, డీ జీవితం తాంగ్ వంశ చరిత్ర గ్రంథాలలో నమోదై ఉన్నది. దయ్యాలు, మాయలు, శాపాలు నిండిన చైనా అపరాధ పరిశోధక నవలలకు, చలనచిత్రాలకు, టెలివిజన్ ధారావాహికలకు ఇతడు నాయకుడయ్యాడు. నిజ జీవితంలో మాత్రం ఇతడు మూఢనమ్మకాలను గట్టిగా వ్యతిరేకించినవాడు.

జననం, విద్యాభ్యాసం

డీ ఉత్తర చైనాలోని బింగ్‌జౌ (నేటి షాన్‌సీ రాష్ట్రంలోని తైయువాన్)లో జన్మించాడు. ఇతని వ్యవహార నామం హువాయింగ్. తాత డీ షియావోషూ, తండ్రి డీ ఝీషున్ ఇద్దరూ ప్రభుత్వోద్యోగులే. ఇతడు జన్మించే నాటికి బౌద్ధ యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ భారతదేశ యాత్రలో ఉన్నాడు. ఆంధ్రదేశంలో కుబ్జ విష్ణువర్ధనుడు వేంగి రాజధానిగా తూర్పు చాళుక్య రాజ్యాన్ని స్థాపించి కొద్ది సంవత్సరాలే అయింది.

బాల్యం నుండి డీకి చదువుపై అమితమైన ఆసక్తి. ఒకసారి వారి ఇంటి సేవకుడు హత్యకు గురికాగా అధికారులు విచారణకు వచ్చారు. ఇంటిలోని వారందరూ వారి చుట్టూ చేరి జవాబులు చెబుతుండగా డీ మాత్రం పుస్తకం నుండి తల ఎత్తలేదు. అధికారి మందలించగా, తాను గ్రంథాలలోని మహాపురుషులతో సంభాషిస్తున్నానని, సామాన్య ఉద్యోగులతో మాట్లాడే తీరిక లేదని బదులు చెప్పాడని చరిత్రకారులు వ్రాశారు.

ఉద్యోగ ప్రవేశం

ప్రాచీన గ్రంథాలపై జరిపే ప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణుడై డీ బియాన్‌జౌలో చిన్న ఉద్యోగంలో చేరాడు. అక్కడ తోటి ఉద్యోగులు ఇతనిపై తప్పుడు ఫిర్యాదు చేశారు. విచారణకు వచ్చిన ఉన్నతాధికారి యాన్ లిబెన్ తాంగ్ యుగపు మహాచిత్రకారులలో ఒకడు కూడా. అతడు డీ నిర్దోషి అని తెలుసుకొని, ఇతని ప్రతిభను గుర్తించి, బింగ్‌జౌలో న్యాయశాఖాధికారి పదవికి సిఫారసు చేశాడు.

బింగ్‌జౌలో పనిచేసేటప్పుడు ఝెంగ్ చోంగ్‌ఝీ అనే సహోద్యోగిని దూరప్రాంతానికి పంపవలసి వచ్చింది. అతని తల్లి వృద్ధురాలు, రోగగ్రస్తురాలు. అది తెలిసిన డీ అతనికి బదులుగా తానే వెళ్తానని పై అధికారిని కోరాడు.

న్యాయాధికారిగా

క్రీ.శ. 676 ప్రాంతంలో డీ రాజధానిలోని ఉన్నత న్యాయస్థానంలో నియమితుడయ్యాడు. అక్కడ సంవత్సర కాలంలో 17,000 మందికి సంబంధించిన పెండింగు వ్యవహారాలను పరిష్కరించాడని, తమకు అన్యాయం జరిగిందని ఒక్కరు కూడా మొర పెట్టుకోలేదని తాంగ్ చరిత్ర చెబుతున్నది. ఇతని న్యాయదక్షతకు ప్రధానమైన చారిత్రక ఆధారం ఇదే. తరువాతి కథలలో కనిపించే నిర్దిష్టమైన హత్య కేసులు చరిత్ర గ్రంథాలలో లేవు.

ఆ కాలంలోనే ఇద్దరు సేనాధికారులు మరణించిన చక్రవర్తి తైజోంగ్ సమాధి వనంలో పొరపాటున ఒక చెట్టును నరికించారు. తండ్రి సమాధికి అపచారం జరిగిందని ఆగ్రహించిన గావోజోంగ్ వారికి మరణదండన విధించమన్నాడు. ఆ నేరానికి చట్టంలో మరణశిక్ష లేదని డీ అడ్డు చెప్పాడు. చక్రవర్తి కోపంతో బయటకు వెళ్ళిపొమ్మన్నా ఇతడు కదలలేదు. ఒక చెట్టు కోసం సేనాపతిని చంపించిన ప్రభువని రాబోయే తరాలు అనుకుంటాయని, చట్టం ప్రభువు కోపాన్ని బట్టి మారితే ప్రజలకు నిలువ నీడ ఉండదని విన్నవించాడు. చివరకు చక్రవర్తి శాంతించి వారిని దేశపు దక్షిణ సరిహద్దుకు పంపి సరిపెట్టాడు.

మూఢనమ్మకాలపై వైఖరి

గావోజోంగ్ ఒక పర్యాయం ఫెన్‌యాంగ్ రాజభవనానికి ప్రయాణమయ్యాడు. దారిలో ఈర్ష్యాళువైన ఒక స్త్రీ పేరిట వెలసిన గుడి ఉంది. మంచి దుస్తులు ధరించి ఆ దారిన వెళ్ళేవారిపై ఆమె గాలివానను, పిడుగులను కురిపిస్తుందని స్థానికుల నమ్మకం. ఆ భయంతో స్థానిక అధికారి వేలాది మంది కూలీలను పోగుచేసి వేరే బాట వేయించబోయాడు. చక్రవర్తి వెళ్ళే దారిని వాయుదేవుడే ఊడ్చి, వరుణదేవుడే కళ్ళాపి చల్లుతుండగా ఒక ఈర్ష్యాళువుకు వెరవనేల అని డీ ఆ పనిని ఆపించాడు. జనుల నమ్మకాన్ని ఆ నమ్మకపు భాషలోనే ఖండించి, వేలాది మందిని వెట్టిచాకిరీ నుండి తప్పించాడు.

క్రీ.శ. 688లో దక్షిణ ప్రాంతాల పర్యవేక్షకుడిగా వెళ్ళినప్పుడు ఇతడు తీసుకున్న చర్య మరింత తీవ్రమైనది. యాంగ్‌ట్సే నదీ ప్రాంతంలో శాస్త్ర సమ్మతం కాని దేవతలకు వెలసిన సుమారు 1,700 గుడులను తొలగింపజేశాడు. పురాణ ప్రసిద్ధుడైన యూ చక్రవర్తి, వూ రాజ్యానికి చెందిన తైబో, జీఝా, వూ యువాన్ - ఈ నలుగురి గుడులను మాత్రమే ఉంచాడు.

యూజౌ ఉదంతం

అదే సంవత్సరం రాజకుమారుడు లీ ఝెన్ వూ జెటియన్‌పై తిరుగుబాటు చేసి ఓడిపోయాడు. అనంతరం డీ యూజౌ పాలకుడిగా నియమితుడయ్యాడు. తిరుగుబాటుతో సంబంధం ఉన్నదని 600-700 కుటుంబాలపై నేరం మోపారు. దాదాపు 5,000 మంది బానిసలుగా మారే స్థితి ఏర్పడింది. శిక్షలు వెంటనే అమలు చేయమని రాజధాని నుండి ఒత్తిడి వస్తుండగా, వీరు ఇష్టపూర్వకంగా తిరగబడినవారు కారని డీ రహస్యంగా విన్నపం పంపాడు. ఫలితంగా వారికి ప్రవాస శిక్షతో ప్రాణాలు దక్కాయి. వారు ప్రవాసానికి వెళ్తూ, డీ పూర్వం పాలించిన నింగ్‌జౌ మీదుగా సాగారు. అక్కడి ప్రజలు ఇతని గౌరవార్థం నిలిపిన శిలాశాసనం వద్ద వారు విలపించి మూడు రోజులు వ్రతం పాటించారు.

తిరుగుబాటును అణచిన సేనాపతి ఝాంగ్ గ్వాంగ్‌ఫూ సైనికులు యూజౌ ప్రజలను పీడించసాగారు. డీ వారి కోరికలను తిరస్కరించి, లొంగిపోయిన వారిని చంపించిన నేరం నీదేనని సేనాపతిని నిలదీశాడు. అందుకు ఫలితంగా ఇతనికి పదవిలో తగ్గింపు లభించింది.

మంత్రి పదవి, కారాగారవాసం

క్రీ.శ. 690లో వూ జెటియన్ స్వయంగా సింహాసనమెక్కింది. చైనా చరిత్రలో చక్రవర్తి బిరుదును ధరించి పాలించిన స్త్రీ ఆమె ఒక్కతే. 691లో ఆమె డీని మంత్రిగా నియమించింది. ఇతనిపై చాడీలు చెప్పినవారి పేర్లు తెలుపుతానని ఆమె అనగా, తనలో తప్పు ఉంటే దిద్దుకుంటానని, వారి పేర్లు మాత్రం తనకు అక్కరలేదని డీ చెప్పాడు.

మరుసటి సంవత్సరమే ఇతడు కారాగారం పాలయ్యాడు. వూ జెటియన్ తన వ్యతిరేకులను అణచడానికి లై జున్‌చెన్ వంటి క్రూరులైన విచారణాధికారులను పోషించేది. లై 692లో డీతో సహా ఏడుగురు ఉన్నతాధికారులపై రాజద్రోహ నేరం మోపాడు. మొదటి ప్రశ్నకే నేరం ఒప్పుకొన్నవారికి మరణశిక్ష తగ్గించవచ్చునని అప్పటి నియమం. చిత్రహింసలలో చనిపోతే నిర్దోషిత్వాన్ని నిరూపించే అవకాశమే ఉండదని గ్రహించిన డీ వెంటనే నేరం అంగీకరించాడు. అయితే మరొక అధికారి పేరును కూడా ఇరికించమని విచారణాధికారి వాంగ్ దెషౌ ప్రలోభపెట్టగా, డీ తలను స్తంభానికి మోదుకొన్నాడు. ముఖమంతా రక్తసిక్తమైంది. వాంగ్ భయపడి ఆ ప్రయత్నం విరమించుకొన్నాడు.

నేరం ఒప్పుకొన్నందున కాపలా సడలింది. డీ తన దుప్పటి నుండి గుడ్డ చింపి, దానిపై తనకు జరిగిన అన్యాయాన్ని వ్రాసి, దూది కోటు లోపల దాచాడు. ఎండలు ముదురుతున్నందున దూది తీయించడానికి కోటును ఇంటికి పంపమని కోరాడు. కోటు విప్పి చూసిన కుమారుడు డీ గ్వాంగ్‌యువాన్ ఆ లేఖను సామ్రాజ్ఞికి అందజేశాడు. లై దానికి విరుగుడుగా, మరణశిక్షకు కృతజ్ఞత తెలుపుతున్నట్లు డీ పేరిట ఒక దొంగ పత్రం సృష్టించాడు.

అంతకు మునుపు లై చేతిలో బలైన ఒక మంత్రి కుమారుడు, పదేళ్ళు కూడా నిండని బాలుడు, ప్రభుత్వ బానిసగా ఉండేవాడు. ఎంతటి విశ్వాసపాత్రుడినైనా లైకి అప్పగిస్తే ద్రోహినని ఒప్పుకొంటాడని అతడు సామ్రాజ్ఞికి విన్నవించాడు. ఆమె డీని స్వయంగా పిలిచి ప్రశ్నించింది. ఒప్పుకోకపోయి ఉంటే ఈపాటికి దెబ్బలకు చనిపోయి ఉండేవాడినని డీ చెప్పాడు. కృతజ్ఞతా పత్రం తాను వ్రాయలేదన్నాడు. మోసం బయటపడింది. ఏడుగురి ప్రాణాలూ దక్కాయి కాని వారి పదవులు పోయాయి. డీ పెంగ్‌జె అనే చిన్న ప్రాంతానికి అధికారిగా వెళ్ళాడు. లై జున్‌చెన్ 697లో మరణదండన పొందాడు.

పునరాగమనం, వారసత్వ వివాదం

క్రీ.శ. 696లో ఖితాన్ తెగలు ఉత్తర సరిహద్దుపై దండెత్తినప్పుడు డీని వైజౌకు పంపారు. మునుపటి పాలకుడు శత్రుభయంతో రైతులందరినీ కోటలోకి చేర్చాడు. డీ వారిని తిరిగి పొలాలకు పంపాడు. ఖితాన్లు వెనుదిరిగారు. కృతజ్ఞులైన ప్రజలు ఇతనికి ఒక గుడి కట్టారు. 697లో డీ తిరిగి మంత్రి అయ్యాడు.

అప్పటికి వృద్ధురాలైన సామ్రాజ్ఞి తన పుట్టింటివారైన మేనల్లుళ్ళలో ఒకరిని వారసునిగా ప్రకటించాలా, లేక తాంగ్ వంశీయులైన తన కుమారులకే రాజ్యం అప్పగించాలా అనే సందిగ్ధంలో ఉన్నది. కుమారుడు రాజైతే తల్లికి పితృమందిరంలో శాశ్వతంగా పూజలు జరుగుతాయని, మేనల్లుడు రాజై మేనత్తకు పూజలు చేసిన ఉదంతం ఎక్కడా లేదని డీ వాదించాడు. రెండు రెక్కలూ విరిగిన చిలుక తనకు కలలో కనిపించిందని సామ్రాజ్ఞి చెప్పగా, చిలుక ఆమేనని, రెక్కలు ఆమె ఇద్దరు కుమారులని వివరించాడు. చైనా భాషలో చిలుకను సూచించే పదంలో ఆమె ఇంటిపేరైన వూ ధ్వనిస్తుంది. 698లో ప్రవాసంలో ఉన్న కుమారుని రప్పించి యువరాజుగా ప్రకటించారు.

చివరి సంవత్సరాలు

సామ్రాజ్ఞి బౌద్ధమతాన్ని విశేషంగా ఆదరించేది. 700లో ఒక బ్రహ్మాండమైన బుద్ధ విగ్రహం నిర్మించడానికి దేశంలోని భిక్షువులు, భిక్షుణులు రోజుకొక నాణెం చొప్పున ఇవ్వాలని ఆమె తలపోసింది. ఆ భారం చివరకు ప్రజలపైనే పడుతుందని డీ విన్నవించగా ఆమె విరమించింది. ఆమె ఇతనిని పేరుతో పిలువక దేశానికి పెద్ద అనే అర్థం వచ్చే బిరుదుతో పిలిచేది, తన ఎదుట మోకరిల్లవద్దనేది. డీ అదే సంవత్సరం మరణించాడు. రాజసభ శూన్యమైపోయిందని ఆమె విలపించింది.

డీ సిఫారసు చేసిన వారిలో ఝాంగ్ జియాన్‌ఝీ, యావో చోంగ్ ముఖ్యులు. 705లో ఝాంగ్ తదితరులు వూ జెటియన్‌ను గద్దె దింపి తాంగ్ వంశాన్ని పునరుద్ధరించారు. డీకి మరణానంతరం లియాంగ్ ప్రభువు అనే బిరుదు ఇచ్చారు. ఇతని కుమారుడు డీ జింగ్‌హుయి వైజౌలో ఉద్యోగిగా ఉంటూ ప్రజలను పీడించగా, ఆగ్రహించిన ప్రజలు ఒకప్పుడు తండ్రికి తామే కట్టిన గుడిని పడగొట్టారు.

సాహిత్యంలో

చైనాలో న్యాయాధికారి నాయకుడుగా సాగే నేరకథలకు పెద్ద సంప్రదాయం ఉంది. సోంగ్ వంశ కాలపు బావో ఝెంగ్ (999 - 1062) కూడా ఇటువంటి కథలకు ప్రసిద్ధుడు. సామ్రాజ్ఞి వూ కాలపు నాలుగు వింత కేసుల గురించిన, రచయిత పేరు తెలియని ఒక నవల డీని పరిశోధకునిగా చిత్రించింది. భారతదేశంలోని డచ్చి రాయబార కార్యాలయంలో కూడా పనిచేసిన దౌత్యవేత్త రాబర్ట్ వాన్ గులిక్ (1910 - 1967) ఆ నవల మొదటి 30 అధ్యాయాలను ఆంగ్లంలోకి అనువదించి 1949లో ప్రచురించాడు. పిదప అదే పాత్రతో సొంతంగా నవలలు వ్రాసి డీని ప్రపంచానికి పరిచయం చేశాడు.

పాత నవలలో భర్తను చంపిన ఒక స్త్రీ ఎన్ని శిక్షలకూ నేరం ఒప్పుకోదు. అప్పుడు డీ కారాగారాన్నే నరకంగా అలంకరింపజేసి, తాను యమధర్మరాజు వేషం ధరించి ఆమె చేత నిజం చెప్పిస్తాడు. మరొక కేసులో నవవధువు మరణానికి కారణం పైకప్పులోని పాము విషం టీ నీటిలో పడడమని తేలుస్తాడు.

చలనచిత్రాలు, ధారావాహికలు

2004లో చైనా కేంద్ర టెలివిజన్‌లో ప్రసారమైన ధారావాహికలో లియాంగ్ గ్వాన్‌హువా డీ పాత్ర ధరించాడు. దానికి 2006, 2008లలో కొనసాగింపులు వచ్చాయి. త్సుయ్ హార్క్ దర్శకత్వంలో 2010, 2013, 2018లలో మూడు చలనచిత్రాలు విడుదలయ్యాయి. మొదటి చిత్రంలో (నాయకుడు ఆండీ లౌ) బ్రహ్మాండమైన బుద్ధ విగ్రహ నిర్మాణంలో పాల్గొన్న అధికారులు ఉన్నట్లుండి మంటలలో కాలిపోతారు. దైవాగ్రహమని అందరూ భయపడగా, అది ఒక రకం పురుగుల విషమని డీ కనుగొంటాడు. 2022లో వచ్చిన తాంగ్ యుగపు వింత ఘటనల ధారావాహికలో డీ స్వయంగా కనిపించడు. ఇతని శిష్యుడైన సూ వుమింగ్ నాయకుడు. దానికి 2024లో రెండవ భాగం వచ్చింది. వాన్ గులిక్ నవలల ఆధారంగా మరొక ధారావాహిక కూడా 2024లోనే విడుదలైంది.

ఈ కథల ఆకర్షణకు కారణం వాటి నిర్మాణంలో ఉంది. మొదట దయ్యం కనిపిస్తుంది, ఊరు భయపడుతుంది, అధికారులు చేతులెత్తేస్తారు. చివరకు ఆ దయ్యం వెనుక ఆశ, పగ లేదా అధికార దాహం గల మనిషి బయటపడతాడు. మన భేతాళ కథలలో భేతాళుడు నిజంగానే ఉన్నాడు, విక్రమార్కుడు అతని చిక్కుప్రశ్నలకు జవాబు చెబుతాడు. డీ కథలలో చాలావరకు భేతాళుడే చిక్కుప్రశ్న. మూఢనమ్మకాలను ప్రచారం చేసే కార్యక్రమాలపై చైనాలో ఆంక్షలు ఉండడం కూడా ఈ పద్ధతికి అనుకూలించింది. ప్రేక్షకునికి భయమూ, ఆ భయం నుండి విముక్తీ రెండూ లభిస్తాయి.

ఈర్ష్యాళువు గుడి ముందు బాట మార్చనివ్వని వ్యక్తి ఇటువంటి కథలకు నాయకుడు కావడం సహజమే. చరిత్రలోని డీ ఎదుర్కొన్న భయాలు మాత్రం చాలావరకు మనుషులు పుట్టించినవి. దొంగ పత్రాలు, బలవంతపు ఒప్పుకోళ్ళు, చక్రవర్తి ఆగ్రహం వాటిలో ముఖ్యమైనవి.