విషాదాన్ని శోధించిన విద్వాంసుడు

కారణం తెలియని దిగులు మనస్సును ఆవరించడం అన్ని దేశాలలోను, అన్ని కాలాలలోను ఉన్నదే. ఆంగ్లభాషలో దానికి ‘మెలంకలీ’ అని పేరు. గ్రీకు భాషలో ‘మెలాస్’ అనగా నలుపు. ‘ఖోలే’ అనగా పిత్తం. దేహంలో రక్తం, శ్లేష్మం, పచ్చని పిత్తం, నల్లని పిత్తం అనే నాలుగు రసాలున్నవనీ, నల్లని పిత్తం ప్రకోపిస్తే విషాదం జనిస్తుందనీ ప్రాచీన గ్రీకు వైద్యులు తలచారు. వాత పిత్త కఫాల మాట ఎరిగిన మనకు ఇట్టి ఊహ అపరిచితం కాదు. అట్టి నల్లని రసం దేహంలో లేదని తరువాతి వైద్యశాస్త్రం తేల్చింది. మాట మాత్రం నిలిచిపోయింది.

ఆ మాట అర్థాన్ని శోధించడానికే జీవితాన్ని ధారపోసినవాడు రాబర్ట్ బర్టన్. ఆయన 1577 ఫిబ్రవరి 8వ తేదీన ఇంగ్లండులోని లీస్టర్‌షైర్ మండలంలో జన్మించాడు. 1593లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. పట్టభద్రుడు కావడానికి తొమ్మిదేండ్లు పట్టింది. 1599లో క్రైస్ట్ చర్చి కళాశాలకు మారి, కడవరకు అక్కడనే నివసించాడు. మతాచార్య పదవి వహించాడు. కళాశాల గ్రంథాలయాన్ని చూచుకున్నాడు. వివాహమాడలేదు. దేశాటనం చేయలేదు, దేశాలను పటాలలోనే దర్శించాడు.

దిగులు ఆయనను వెన్నాడేది. దాని బారినుండి తప్పించుకొనడానికి దానిని గూర్చియే వ్రాయబూనాడు. అట్లు 1621లో వెలువడినదే ‘ది అనాటమీ ఆఫ్ మెలంకలీ’ అనే ఉద్గ్రంథం. నవ్వే తత్త్వవేత్తగా ప్రసిద్ధుడైన గ్రీకు డెమోక్రిటస్ పేర, డెమోక్రిటస్ జూనియర్ అని కలంపేరు పెట్టుకొన్నాడు. తాను జీవించియుండగా అయిదు ముద్రణలు రాగా, ముద్రణ ముద్రణకూ గ్రంథాన్ని పెంచుతూ పోయాడు.

పిత్తప్రకోపాన్ని ఆయన కాదనలేదు. కాని అంతటితో ఆగలేదు. దారిద్ర్యం, భయం, అసూయ, విఫలప్రణయం, వంశపారంపర్యం, సోమరితనం, ఏకాంతం — ఇవన్నీ విషాదానికి మూలాలన్నాడు. మితిమీరిన విద్యావ్యాసంగాన్ని కూడ వీటిలో చేర్చి, పండితుల దైన్యాన్ని గూర్చి సుదీర్ఘంగా వ్రాశాడు. ఆహారనియమం, వ్యాయామం, సంగీతం, సన్మిత్రుల సాంగత్యం ఔషధాలని చెప్పాడు. ఒంటరితనాన్నీ, పనిలేమినీ విడనాడమన్నదే ఆయన తుది హితవు.

ఆ హితవు పాటించడం ఆయనకే కష్టమైనట్లున్నది. దిగులు ముంచుకొనివచ్చినప్పుడు నది వంతెన చెంతకు పోయి, పడవవాండ్ర తిట్లు విని కడుపుబ్బ నవ్వేవాడని ఒక ఐతిహ్యం. వేలకొలది గ్రంథాలు చేయలేని పని ఆ పామరుల సందడి చేసిందన్నమాట!

1640 జనవరి 25వ తేదీన బర్టన్ కన్నుమూశాడు. క్రైస్ట్ చర్చి దేవాలయంలోని ఆయన సమాధిశాసనం డెమోక్రిటస్ జూనియర్ అనే పేరునే స్మరిస్తున్నది.

తరగతిలో ఒక మూల ముభావంగా కూర్చున్న విద్యార్థిని సోమరి అనో, గర్వి అనో మనం తొందరపడి తీర్మానిస్తాం. దిగులుకు కారణాలు ఒకటి కావనీ, దానికి తోడు అవసరమనీ బర్టన్ జీవితం తెలుపుతున్నది. ఆ బాలుని చెంతకు పోయి ఒక మాట పలకరించడం ఉపాధ్యాయునికి పెద్ద పని కాదు.