నొప్పి నణచు విద్యను నేర్పిన ఎడ్వర్డ్ లారీ వైద్యుడు

చదువవలసిన భాగములు: ఆదికాండము 2వ అధ్యాయము, సామెతలు 12వ అధ్యాయము, ప్రకటన గ్రంథము 21వ అధ్యాయము.



దేవుడు ఆదామును మొదట నిద్రపుచ్చి, ఆ తరువాతనే అతని ప్రక్కటెముకను తీసెనని ఆదికాండములో చదువుచున్నాము. 1847లో ఎడింబరో నగర వైద్యుడు జేమ్స్ సింప్సన్ ప్రసవవేదన పడు స్త్రీలకు క్లోరోఫారము ఇచ్చి, ఈ భాగమునే తనకు ఆధారముగా చూపెను. మత్తుమందులు రాకముందు కోతకు వచ్చిన రోగిని నలుగురు గట్టిగా పట్టుకొనవలసియుండెను. నొప్పి భయముచేతనే అనేకులు వైద్యుని యొద్దకు రాకుండిరి.

ఆ ఎడింబరోలోనే చదివినవాడు ఎడ్వర్డ్ లారీ. అతడు 1846లో పుట్టెను. సైమ్ అను గొప్ప శస్త్రవైద్యుని శిష్యుడై, మన దేశమునకు వచ్చి, 1885లో హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడుగాను వైద్య పాఠశాలకు అధిపతిగాను నియమింపబడెను. 1846లో స్థాపింపబడిన ఆ పాఠశాలయే నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలము. అంతవరకు అక్కడ ఉర్దూలో చెప్పుచుండిన పాఠములను లారీ ఇంగ్లీషులోనికి మార్చెను. స్త్రీలకును తలుపు తెరచెను. అట్లు చేరిన ఐదుగురు స్త్రీలలో రూపాబాయి ఫర్దూంజీ అను పారసీ యువతి యొకతె. ఆమె 1889లో పట్టా పొంది, రోగులకు క్లోరోఫారము ఇచ్చు పనిలో ఆరితేరెను. లోకములో ఈ పని చేపట్టిన మొదటి స్త్రీలలో ఒకతెగా ఆమెను నేడు తలంచుచున్నారు. ఆమె 1909లో ఎడింబరోకు పోయి ఇంకను చదివెను.

లారీ తన విద్యార్థులకు ముఖ్యముగా నేర్పినది ఒక్కటే. మత్తు ఇచ్చువాడు కత్తివైపు చూడరాదు. రోగి ఊపిరిని మాత్రమే కనిపెట్టి యుండవలెను. క్లోరోఫారము వలన కొందరు హఠాత్తుగా చనిపోవుచుండిరి. గుండె ఆగుటచేతనే చనిపోవుదురని, గనుక నాడిని చూడవలెనని లండను వైద్యులు చెప్పిరి. ఊపిరియే మొదట ఆగునని లారీ వాదించెను. దీనిని తేల్చుటకు 1888లో ఒక సంఘము ఏర్పడెను. దాని తీర్పును లండను వైద్యపత్రిక లాన్సెట్ శంకింపగా, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను వేయి పౌనులిచ్చి, 1889లో లాడర్ బ్రంటన్ అను పేరుపొందిన వైద్యుని పిలిపించెను. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో నాలుగు వందలకు పైగా మృగములపై పరీక్షలు జరిగెను. వేరు అభిప్రాయముతో వచ్చిన బ్రంటన్ కూడ లారీతో ఏకీభవించెను. హైదరాబాదు పేరు లోకమంతట మారుమ్రోగెను.

అయితే సంగతి అంతటితో ముగియలేదు. ఆ మరణములు ఆగలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అను వైద్యుడు, మత్తు తక్కువగా ఉన్న సమయములోనే గుండె అకస్మాత్తుగా లయ తప్పి ఆగిపోవచ్చునని రుజువుచేసెను. లారీ నేర్పినదానిలో సగము నిలిచెను, సగము తొలగిపోయెను. ఊపిరిని కనిపెట్టుట నేటికిని మత్తు వైద్యునికి మొదటి పాఠమే; గుండెకు భయములేదనిన మాట మాత్రము నిలువలేదు. లారీ 1915లో మరణించెను. తరువాత క్లోరోఫారమే వాడుక తప్పిపోయెను.

ఇతని జీవితములో మనకేమి పాఠమున్నది? కత్తి నొప్పి గడియలో ముగియును. పుండు, పుట్టకురుపు, నరముల నొప్పి నెలలు సంవత్సరములు ఉండును. అట్టి నొప్పికి చికిత్స నేర్పు విద్య ఆలస్యముగా వచ్చెను. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్ ఆశ్రమమును తెరచిన సిసిలీ సాండర్స్ అను క్రైస్తవ వైద్యురాలు, నొప్పి తిరిగి వచ్చువరకు ఆగక గడియారము చూచి వేళకు మందు ఇయ్యవలెనని నర్సులకు, వైద్యులకు నేర్పెను. మన దేశములో 1985 నాటి మత్తుమందుల చట్టము కఠినమై, మార్ఫిన్ దొరకక అనేకులు బాధపడిరి. 2014లో దానిని సడలించిరి. నేడు హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో వైద్యులకు, నర్సులకు ఈ విద్య నేర్పుచున్నారు. గోపన్‌పల్లికి ఎంతో దూరము కాని ఖాజాగూడలో స్పర్శ్ అను ఆశ్రమము కడపటి దినములలోని రోగులను ఆదరించుచున్నది.

గనుక మీ గ్రామములో ఎవరైనను తీరని నొప్పితో మంచము పట్టియున్నయెడల, అది విధి అని ఊరకుండకుడి. నొప్పి ఎంత, ఎక్కడ, ఏ వేళ అని రోగినే అడిగి, వ్రాసికొని, వైద్యునికి చూపుడి. మార్ఫిన్ అనగానే బెదరకుడి. నేర్చిన వైద్యుడు కొలతచొప్పున ఇచ్చినయెడల అది మేలు చేయును. దానితో మలబద్ధకము కలుగును గనుక దానికి కూడ మందు అడుగుడి. మన పిల్లలలో నర్సు చదువు చదువువారిని ఈ విద్య నేర్చుకొనుటకు ప్రోత్సహించుడి.

జ్ఞాని ఆలోచన వినునని సామెతల గ్రంథము నేర్పుచున్నది. లారీ పట్టుదల మనకు కావలెను. దిద్దుబాటును అంగీకరించు మనస్సు కూడ కావలెను. వేదన యుండని దినము ఒకటి రానున్నది. ఆ దినము వచ్చువరకు ప్రక్కింటివాని మూలుగు విని లేచి వెళ్లుట మన పని.

ప్రార్థనాంశము: దీర్ఘవ్యాధితో బాధపడువారి కొరకును, వారికి సేవచేయ నేర్చుకొనుచున్న నర్సుల కొరకును ప్రార్థించుడి.